రాహుకాలంలో తెరుచుకోని తలుపు

భీమవరం, 2005 జూన్, మంగళవారం రాత్రి.

రాహుకాలంలో సరుకు గడప దాటరాదన్న యజమానిగారి ఆజ్ఞ మేరకు, మా రొయ్యల ఫ్యాక్టరీ కోల్డ్ రూము తలుపు ఆ వేళ ఎవరి కార్డుకూ తెరుచుకోకుండా కంప్యూటర్‌లో అమర్చాను. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి రాహుకాలం మొదలవగానే తలుపు ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించింది. లోపల సరుకు సర్దుతున్న కూలీ సత్యవతి చిక్కుకుపోయింది.

"మా ఆవిడ గడ్డకట్టి చచ్చిపోద్దండీ, తియ్యండి!" అంటూ ఆమె భర్త సూరిబాబు నా కాలరు పట్టుకున్నాడు.

"యజమానిగారి అనుమతి కావాలయ్యా. ఆయన పూజలో ఉన్నారు," అని విన్నవించాను.

అతడు నా పళ్లు రెండు రాలగొట్టి, గునపంతో తలుపు పెకలించాడు. సత్యవతి నీలిపెదవులతో బయటపడింది. అంతలో వచ్చిన యజమానిగారు, "రాహుకాలం వెళ్లేదాకా ఆగలేకపోయావేంట్రా?" అన్నారు. గునపం ఆయన మోకాలిచిప్పను పగులగొట్టింది.

ఆమె వేళ్లు దక్కుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. తలుపులో లోపమేమీ లేదని నేను రేపు రిపోర్టు రాసివ్వాలట. నిజంగానే లేదు.