వీడియోలో మాత్రం నడవను

అది కాదు కోడలమ్మా, నేనూ నీ కూతురు అనన్యా ఇంటి దగ్గరి బూన్ లే మార్కెట్టు దాకా పోయొస్తాం. నేను చెప్తుంటే అదే రాస్తోంది. కుక్కర్లో అన్నం ఉంది, రాగానే తిను. నా మాత్రలు వేసుకున్నాను.

స్టోరు గదిలో బియ్యం బస్తా వెనక నువ్వు పెట్టిన చక్రాల కుర్చీ తీయించాను. కోప్పడకు. అది కళ్ళ ముందుంటే నడక మానేస్తానని నీ భయం, నాకు తెలుసు. ఫిజియో అమ్మాయి చెప్పినంత రోజూ నడుస్తూనే ఉన్నాను కదా.

ఆదివారం ఆదివారం తెనాలిలో మా చెల్లెలివాళ్ళకి వీడియోలో చూపించాలని హాలంతా నడిపిస్తారు చూడు, దాంతోనే చస్తున్నాను. వాళ్ళు చప్పట్లు కొట్టి ఫోన్ పెట్టేస్తారు. వెన్ను దెబ్బ తిన్నాక ఈ కాళ్ళకి గిల్లినా తెలియదు గానీ, అంత నడిస్తే మాత్రం కారం రాసినట్టు మండుతాయి. మర్నాడంతా మంచం దిగలేను. కుర్చీ ఉంటే బయటి గాలన్నా తగులుతుంది.

అనన్యా, అడుగున ఇది కూడా రాయి. కోడలమ్మా, మీ ఆయన జకార్తా నుంచి ఫోన్ చేస్తే నాకివ్వకు. "ఒక్కసారి నాన్నా, అత్తయ్య చూస్తానంటోంది" అంటాడు, నేను లేచేస్తాను. వాడికి నువ్వే ఇదంతా చదివి వినిపించమ్మా.