పెద్దపీట మూల

ఇజ్జక్కా, నా బంగారు అక్కా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. తిట్టడం అయ్యాక చదువు. అవును, కొండ మీద బడికి పరుపులు కుట్టి రమ్మని పరుపుల కొట్టు యజమాని అడగ్గానే నీకూ అమ్మకీ మాటైనా చెప్పకుండా వ్యాన్ ఎక్కేశాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. సిగ్నల్ కావాలంటే మేకల దారంట కొండ పైకి పోవాలి, అదొకటి. నా గొంతు నీకు వినపడటం నాకిష్టం లేదు, అది రెండోది. కాగితం మీద గొంతు వణకదు. సంతకి మర్రాకేష్ దిగే వ్యాన్ డ్రైవరు ఈ ఉత్తరం తెచ్చిస్తాడు. వాడికింత రొట్టె పెట్టి పంపు.

ఊరి పేరు ఐత్ వగ్మార్. భూకంపంలో సగం ఊరు కూలింది. బడికి రెండు గదులుంటే ఒకటి నేలమట్టమైంది, ఒకటి నిలబడింది. నిలబడినదానికి సున్నం కొట్టి, రంగేసి, కొత్త తలుపు పెట్టారు. అయినా పిల్లలు అందులో అడుగు పెట్టరు. ఏడాదిగా పక్కనున్న నీలం టార్పాలిన్ డేరాలోనే చదువు. మాస్టారి పేరు మునయిమ్. సముద్రం ఒడ్డు మనిషి, మెత్తనివాడు, తుమ్మడానికి కూడా ఎవర్నో అనుమతి అడిగేలా ఉంటాడు. ఆయన పిల్లల్ని బతిమాలాడు, కసిరాడు, గదిలో ఖర్జూరాల పళ్ళెం పెట్టాడు. పిల్లలు ఒక్క ఉరుకున వెళ్ళి ఖర్జూరాలు పట్టుకుని, అదే ఉరుకున బయటికొచ్చి, డేరాలో కూర్చుని తిన్నారట.

అప్పుడు పట్నంలోని ఒక సంఘం వాళ్ళకి ఆలోచన వచ్చింది. గదిని బడిలా కాకుండా హాయిగా తయారు చేస్తే, పుస్తకం పట్టుకుని బోర్లా పడుకోవడానికీ కబుర్లాడుకోవడానికీ మెత్తని చోటుంటే, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారని. ఆలోచన మంచిదే. కానీ వాళ్ళు గీసి పంపిన బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండింది. పైకప్పు నుంచి వేలాడే దీపాలు, వేలాడే కాగితపు చుక్కలు, వేలాడే గుడ్డ పందిరి, వేలాడే ఉయ్యాల కుర్చీ. పిల్లలకి గీశారా, గబ్బిలాలకి గీశారా? నేను వచ్చేసరికే కాంట్రాక్టరు చుక్కలు కట్టించేశాడు. మొదటి రోజు కింద రోడ్డు మీద రాళ్ళ లారీ పోయింది. చుక్కలు కదిలాయి. గుమ్మంలో తొంగిచూస్తున్న పిల్లలంతా ఒక్కసారే తల పైకెత్తారు, ఒక్కసారే వెనక్కి తగ్గారు. ఒక్కరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అక్కా, నేనూ తలెత్తాను. నేనూ వెనక్కి తగ్గాను. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని చుక్కలన్నీ పీకి పొయ్యిలో పెట్టాను.

కాంట్రాక్టరు పేరు లర్బీ. సీ లర్బీ అనాలి. ముందు ఆ ‘సీ’ తగిలించకపోతే ఆయనకి చెవులు వినపడవు.

“ఏమ్మాయ్, చుక్కలేవీ?” అన్నాడు.

“పొద్దున్నే రాలిపోయాయి, సీ లర్బీ.”

“నీ నోరు కుట్టేసే దబ్బనం లేదా నీ దగ్గర?”

“ఉంది. పురికొస అయిపోయింది.”

బడిలో రొట్టెలు కాల్చే హద్దా అవ్వ అది విని పిండి చేతుల్తోనే మొహం కప్పుకుని నవ్వింది.

ఆ బొమ్మ పక్కన పడేసి నాకు తెలిసిన పద్ధతిలో చేస్తున్నాను. మనకి హాయి అంటే ఏంటి? చుట్టాలొస్తే కూర్చోబెట్టే గది. మూడు గోడల వారన దివాన్లు, ఉన్ని దట్టించిన పరుపులు, వీపుకి గట్టి బాలీసులు, నడుమ గుండ్రటి బల్ల, దాని మీద పుస్తకాలు. తలుపుకి ఎదురుగా దూరపు మూల అన్నిటికన్నా మెత్తగా, పెద్దపీట అది. కొత్త పెళ్ళికొడుకునీ హజ్ చేసొచ్చిన మనిషినీ కూర్చోబెట్టే మూల. దాన్ని పిల్లలకిస్తాను. వాళ్ళనెవరూ ఇంతవరకు పెద్దపీటన కూర్చోబెట్టి ఉండరు.

నేను బాగానే ఉన్నాను. నిద్ర పడుతోంది.

నీ మాట వినని చెల్లెలు,
కెల్తూమ్


ఇజ్జక్కా,

నువ్వు పంపిన జవాబు చదివాను. ‘నిద్ర పడుతోందని అడక్కుండానే ఎందుకు రాశావ్?’ అన్నావు. నీ దగ్గర ఏదీ దాగదు, అందుకే నువ్వంటే నాకు చిరాకు.

ముందు పని సంగతి. దూరపు మూలలో బాలీసుల వెనక గోడకి గుడ్డ బిగించాలి, సున్నం బట్టలకి అంటకుండా. మేకు పెట్టి కొట్టాను. పెచ్చు ఊడింది. పెచ్చు వెనక ఇంకో పెచ్చు. దాని వెనక పగులు. కిటికీ మూల నుంచి దూలం దాకా ఏటవాలుగా పాకింది. వేలు పెడితే వేలు దూరింది, లోపల చల్లగా గాలి తగిలింది. వేలు వెంటనే లాక్కున్నాను, లోపల ఏదో కరిచినట్టు.

వెళ్ళి సీ లర్బీని లాక్కొచ్చి చూపించాను. ఆయన తొంగిచూడలేదు కూడా. తెలిసిన మనిషి తొంగిచూడడు కదా.

“పగుల్లేని ఇల్లు ఈ కొండల్లో ఒక్కటి చూపించు, నీకు గొర్రెని కొనిపెడతా. రాతిగోడమ్మాయ్! ముసలమ్మ మొహంలో ముడతలుంటాయ్. అంతమాత్రాన ముసల్ది చచ్చిందా?”

“దీని కిందే కదా పిల్లలు వీపు ఆనించుకుని కూర్చునేది?”

“నువ్వు దిండ్లు కుట్టేదానివి. గోడలు నాకొదిలెయ్. గుడ్డ కింద చెక్క కొట్టు, చెక్క మీద గుడ్డ కొట్టు. సంఘం వాళ్ళొచ్చే వేళకి ఇది గది, అంతే. లేదంటావా, మర్రాకేష్‌లో ఏ పరుపుల కొట్టూ నీకు సూది కూడా ఇవ్వదు. నే చెప్తే వింటారు.”

వింటారు, నాకు తెలుసు. మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన డేరా తాడు బిగిస్తున్నాడు. “మంచు కాలం వస్తోందమ్మా. పోయినేడు డేరాలో ముగ్గురికి చలి ఊపిరితిత్తుల్లోకి దిగింది. నాకు వెచ్చటి గది కావాలి. ఆ గోడ నిలబడుతుందో పడుతుందో నాకు తెలీదు. చలి మాత్రం వచ్చి తీరుతుంది,” అన్నాడు. ఆయన మీద అరుద్దామని వెళ్ళినదాన్ని, అరవలేకపోయాను. ఆ పగులు గోడంతా లోతుందో, పైపైనే ఉందో నాకూ తెలీదక్కా. నేను గోడలు చదువుకోలేదు. బళ్ళో చదివింది తక్కువ, ఉన్ని దగ్గర నేర్చుకుంది ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు మేనత్త ఇంట్లో భూమి కదిలినప్పుడు నేను వాకిట్లో ఉన్నానని చెప్పాను కదా. లేను. లోపలే ఉన్నాను. వాకిట్లో ఉన్నది అత్త. నా మీద పడాల్సిన దూలం బీరువా మీద పడి ఆగింది. తెల్లారేదాకా ఆ సందులో పడి ఉన్నాను, నోటి నిండా మట్టితో. పైన జనం నడుస్తుంటే నా మొహం మీద దుమ్ము రాలేది. అరుద్దామంటే అరుపుకి గోడ కదులుతుందేమోనని నోరు మూసుకున్నాను. మీకు చెప్పొద్దని అత్తచేత ఒట్టు వేయించుకున్నాను. అమ్మ గుండె సంగతి నీకు తెలుసు. అప్పట్నుంచి బూట్లు వేసుకునే పడుకుంటున్నాను. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపు ఎక్కడుందో చూసుకుంటాను. కొట్లో మేడ మీద గదిలో కుట్టలేక, కళ్ళు నొప్పులని అబద్ధం చెప్పి గుమ్మంలో కూర్చుని కుట్టేదాన్ని. ఇక్కడికెందుకొచ్చానో తెలుసా? భయపడే పిల్లలకి గది కట్టిస్తే నా భయం పోతుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడు.

ఆ గదిలో పని చేస్తున్నంతసేపూ మెడ వెనక చెమట. కత్తెర కింద పడితే కూడా గుమ్మందాకా పరిగెత్తుతున్నాను. మొన్న అలా పరిగెత్తి గుమ్మంలో పిల్లలకి గుద్దుకున్నాను. వాళ్ళు నవ్వలేదు. దారిచ్చారు.

చెక్క కొట్టేశానక్కా. ఈ రోజు పొద్దున. మేకులు పొడుగువి వాడాను. మీద ఎర్రగుడ్డ బిగించి, పసుపుపచ్చ అంచు కుట్టాను. చూడ్డానికి చాలా అందంగా ఉంది. నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు. పని పోతే అమ్మ మందులు ఎవరు తెస్తారు? నువ్వొక్కదానివీ ఎన్ని ఇళ్ళలో గిన్నెలు తోముతావు? అదే పదే పదే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ ఆ మూలకేసి చూస్తున్నాను.

నీ పిరికి చెల్లెలు,
కెల్తూమ్


నా ఇజ్జక్కా,

ఈపాటికి కొట్టు యజమాని మనింటికి వచ్చి అరిచి పోయే ఉంటాడు. వాడు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను చెప్తాను.

సంఘం వాళ్ళు వచ్చారు. ఒక మేడమ్, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక కెమెరా. గది మెరిసిపోతోంది. సీ లర్బీ కొత్త జెలాబా అంగీ వేసుకుని తనే కుట్టినట్టు బాలీసుల్ని తడుముతున్నాడు. పిల్లలు ఎప్పట్లాగే గుమ్మం బయట గుంపుగా ఉన్నారు. మేడమ్ ‘రండి రండి’ అని చప్పట్లు కొట్టింది. ఒక్క కాలూ కదల్లేదు.

అప్పుడు హద్దా అవ్వ టీ కెటిల్, గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది. “ఆగండమ్మా. మా ఊళ్ళో కొత్త పరుపు మీద ముందు ఇంటివాళ్ళు కూర్చోరు. కుట్టిన మనిషి కూర్చోవాలి, పెద్దపీటన. ఒక గ్లాసు తాగి లేవాలి. పనిలో నిజాయితీ ఉందని సాక్ష్యం. అప్పుడు పిల్లలే వస్తారు, చూడండి,” అంది. తర్వాత నాకేసి తిరిగి, “రా పిల్లా. కూర్చో. నీ మూల,” అంటూ గ్లాసులో టీ పోసింది.

ఆమెకి చెక్క సంగతి తెలీదు. ప్రేమతోనే పిలిచింది. అదే నన్ను చంపింది.

నేను నడిచాను. బల్ల దాకా నడిచాను. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా నేను కుట్టిన ఎర్రగుడ్డ, నా చేతి పసుపుపచ్చ అంచు. దాని వెనక గాలి తిరుగుతోందని నాకు తెలుసు. నా నోట్లో మట్టి రుచి వచ్చిందక్కా, ఒట్టు. వెనక్కి తిరిగి చూశాను. పిల్లలంతా నా కాళ్ళకేసి చూస్తున్నారు. మొహానికేసి కాదు, కాళ్ళకేసి. ఈమె కూర్చుంటే మేమూ వస్తాం అన్నట్టు ఒకత్తె గుమ్మం దాటి ఒక పాదం లోపల పెట్టింది. చెప్పు వేలికి వేలాడుతోంది. సన్నటి పిల్ల, ఆ మూలలో ఇద్దరు సరిపోతారు అలాంటివాళ్ళు.

“కూర్చోమ్మాయ్, అందరూ చూస్తున్నారు,” అన్నాడు సీ లర్బీ పళ్ళ మధ్య నుంచి.

“నేను కూర్చోను,” అన్నాను. “నేను కూర్చోని చోట వాళ్ళని కూర్చోబెట్టను.”

దివాను లాగేశాను. గుడ్డ చింపాను. చెక్క మాత్రం రాలేదు, నా పొడుగు మేకులే నాకు శత్రువులయ్యాయి. మునయిమ్ మాస్టారు వచ్చి చెక్క రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం లాగితే పెచ్చులతో సహా ఊడొచ్చింది. గది నిండా దుమ్ము. పిల్లలు కొండవాలు దాకా పరిగెత్తారు. మేడమ్ ఆ పగులుకేసి చూసి, మెడలో గొలుసు గట్టిగా పట్టుకుంది.

“ఇది మీకు తెలుసా?” అని అడిగింది కాంట్రాక్టర్ని.

“చిన్నది మేడమ్. పాతది. దానివల్ల ఏం కాదు.”

“అయితే మీరే కూర్చోండి సీ లర్బీ,” అంది హద్దా అవ్వ, గ్లాసు ఆయన ముందు పెట్టి. “టీ చల్లారిపోతోంది.”

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఏదో పనుందని బయటికి పోయాడు.

ఇంతటితో బాగానే ముగిసిందనుకుంటున్నావా? లేదు. మేడమ్ గదికి తాళం వేయించింది. ఇంజనీరు వచ్చి చూసేదాకా తెరవొద్దంది. ఇంజనీరు మంచు కరిగాక వస్తాడట. నా పని పోయింది, అది నీకు తెలుసు. మర్నాడు బడిలో ఒక పిల్ల నాన్న, గొర్రెల కాపరి, డేరా దగ్గరికి వచ్చాడు. ఆయన కూతురే పోయినేడు చలికి ఆసుపత్రిపాలైంది. “బాగా చేశావ్ పట్నం పిల్లా. గది మూయించావ్. మంచు పడితే మా పిల్లలు నీ భయం కప్పుకుంటారా?” అన్నాడు. రెండు రోజులు అన్నం దిగలేదు. గోడ పడకపోతే? అసలు ఎప్పటికీ పడకపోతే? పిల్లల్ని నేనే చలిలో కూర్చోబెట్టినట్టు కదా?

కోపం వచ్చినప్పుడు నా చేతులు పని వెతుక్కుంటాయి. గదిలో పరుపులన్నీ డేరాలోకి ఈడ్చాను. గోడల వారన వేయడానికి అక్కడ గోడల్లేవు, మేలైంది. నడుమ గుంజ చుట్టూ గుండ్రంగా వేశాను, వీపులన్నీ గుంజ వైపు, మొహాలన్నీ బయటికి. ఎవరు ఎటైనా లేచి పరిగెత్తొచ్చు. పెద్దపీట లేదు, దూరపు మూల లేదు. పిల్లలు బూట్లతోనే నా కొత్త గలేబుల మీద ఎక్కారు. కొట్లో అయితే ఆ బూట్లు విసిరి కొట్టేదాన్ని. ఇక్కడ జరిగి చోటిచ్చాను. ఒకడు పుస్తకం తెరిచి మొహం మీద పెట్టుకుని పడుకున్నాడు, దొర.

కానీ పైన ఇంకా ఉత్త టార్పాలినే. రాత్రికి అది మంచుగడ్డ అవుతుంది. ఉన్నితో లోపలి డేరా కుట్టాలి, దుప్పటిలా దట్టంగా, నేల దాకా. ఆ మాట హద్దా అవ్వతో అన్నాను. సాయంత్రానికి ఆడవాళ్ళు వచ్చారు. తమ పరుపులు విప్పి, ఒడిలో ఉన్ని మూటలు పెట్టుకుని. అవి కూలిన ఇళ్ళ కింద నుంచి తవ్వి తీసిన పరుపులు. దులిపితే ఇంకా ఎర్ర దుమ్ము రాలుతోంది. ఏ దుమ్ము ఏ ఇంటిదో ఎవరూ అడగలేదు. నన్ను తిట్టిన గొర్రెల కాపరి కూడా వచ్చాడు, నాకేసి చూడకుండా రెండు పచ్చి తోళ్ళు నా కాళ్ళ దగ్గర విసిరేసి పోయాడు.

నాకింకా భయమే అక్కా. ఈ డేరా చలిని ఆపుతుందో లేదో తెలీదు. కొండ మీద మొన్నే తెల్లగా కనపడింది. ఉన్ని ఉత్తరం వైపుకే సరిపోయింది, పడమర ఖాళీ.

అమ్మకి నా పని పోయిన సంగతి నువ్వే మెల్లిగా చెప్పు. బీరువా సంగతి చెప్పకు, అది నేనే వచ్చి చెప్తాను. ఆ తర్వాత లోపలి గదిలో నా పరుపు విప్పు. తలవైపు కుట్టు కొయ్యి, అక్కడ ఉన్ని మంచిది. మొత్తం తీసి మూట కట్టి వ్యాన్‌లో వేసెయ్. మంచు కరిగేదాకా నాకు దాంతో పని లేదు.

నీ,
కెల్తూమ్