మైనపు అచ్చు

జూలై 9, బుధవారం

బక్కోడికి,

నువ్వూ చెల్లెమ్మా పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ మేమంతా కులాసా. ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, నిన్న డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పాకే రాస్తున్నాను. పుండు పూర్తిగా మానిపోయింది. చర్మం రంగు మారింది, మూత్రధార కాస్త సన్నబడింది. మూడు నెలలకోసారి మాత్రం చూపించుకోవాలి.

పురుషాంగం మీద లేచిన పుండును ఎనిమిది నెలలు దాచానురా. క్యాన్సర్ అక్కడ కూడా వస్తుందని నాకేం తెలుసు? ఉతికే బట్టల్లో నెత్తుటి మరక చూసి మా ఆవిడ నిలదీసింది. నేను గోడవైపు తిరిగితే, సిగ్గు తర్వాత పడుదువుగానీ, ముందు చొక్కా తొడుక్కో, ఆస్పత్రికి పోదాం అంది.

ఇంకా చిన్నగానే ఉంది కాబట్టి కోసేయకుండా రేడియేషన్‌తో ప్రయత్నించవచ్చని, మళ్ళీ వస్తే మాత్రం ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు కొసన ఉండే చర్మం తీసేశారు. అది మానాక అచ్చు తీసే గదికి పంపారు. తలుపు తీస్తే నువ్వు!

ఇనుము పోతపోసే ఫౌండ్రీలో నా పక్కన చెక్క నమూనాలు చేసినవాడివి అక్కడ మైనం కరిగిస్తున్నావు. పదకొండేళ్ళుగా మాటల్లేని మనిషి ముందు బట్టలు విప్పాలి. పారిపోదామనుకున్నాను. నువ్వు, నీ దగ్గర పని నేర్చుకునే వాళ్ళను టీకి పంపేసి, గడియ పెట్టి, కూర్చోండి అన్నావు. ఒరేయ్ అని పిలిచే నోట ఆ 'అండి' వినడం సూది కన్నా నొప్పిగా ఉంది.

రెండు మైనపు దిమ్మలు, మధ్యలో గుండ్రటి తొర్ర. కిరణాలు చర్మం మీద కూడా సమానంగా పడాలంటే చుట్టూ ఇది ఉండాలని నా మొహం చూడకుండానే వివరించావు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. యంత్రం కింద ఉన్న ఆ కొద్ది నిమిషాలూ నొప్పేమీ లేదు. నాలుగో వారానికి మాత్రం వాచిపోయి, మూత్రానికి వెళ్తే నిప్పు పోసినట్టుండేది. అచ్చు బిగుసుకుంటోందని ఎవరికీ చెప్పలేదు. నా నడక చూసి నువ్వే కనిపెట్టావు. డాక్టరమ్మతో మాట్లాడి, మర్నాటికల్లా కొత్త అచ్చు చేశావు. మైనం చల్లగా తగులుతుందని వెచ్చటి తువ్వాలులో చుట్టి తెచ్చావు. ఆ రోజు బల్ల మీద ఏడ్చాను. మంటకు ఏడుస్తున్నాననుకుని నర్సమ్మ ఓదార్చింది.

నా జబ్బు సంగతి నువ్వు మనవాళ్ళెవరికీ చెప్పలేదు. అందుకే నేనే చెప్పాను. మొన్న మన ఫౌండ్రీ పనివాళ్ళను కూర్చోబెట్టి, అక్కడ పుండు లేస్తే దాచకండన్నాను. మొదట నవ్వారు. సాయంత్రం ఒకతను మెల్లగా వచ్చి, డాక్టరమ్మ గది ఎక్కడని అడిగాడు.

ఉంటాను.

నీ
బండోడు

తా.క. రాయాల్సింది ఇంకా రాయలేదు. పదకొండేళ్ళ కిందట నువ్వు చేసిన పంపుల నమూనాకు కొలతలు తప్పు గీసింది నేను. సరుకంతా పాడైతే యజమానికి నీ పేరు చెప్పాను. ఆ తప్పు ఒప్పుకుందామని నిన్న ఆస్పత్రి నుంచి ఆయన ఇంటికే వెళ్ళాను. ఆయనకు అప్పుడే తెలుసట. నువ్వే చెప్పావట, వాడి భార్యకు నెలలు నిండాయి, వాణ్ణి ఉంచి నన్ను పంపేయండని. ఒరేయ్, ఇంత దాచుకుని నా ఎదురుగా ఎలా నిలబడ్డావురా? ఆదివారం పదింటికి మీ ఇంటికి వస్తున్నాను. తిట్టేవన్నీ ఆ లోపు సిద్ధం చేసుకో.