గంట ఆగిన మలుపు

ఏమండీ,

ముందుగా మా క్షేమం. పిల్లా నేనూ కులాసాగానే ఉన్నాం. మీరు వేళకు తింటున్నారని అనుకుంటున్నాను, నమ్మకమైతే లేదు.

పైకప్పు కారుతోందా అని అడిగారు. రేకు మార్పించాను, ఇప్పుడు చుక్క పడడం లేదు. బడి వ్యాను ఆగిపోయాక అమ్మాయి ఎలా వెళ్తోందని కూడా అడిగారు. హైస్కూలు కాలువ అవతల కదా, ఆడపిల్లలంతా సైకిళ్ళ మీద ఒకే వరసలో వెళ్తున్నారు. వాళ్ళలో వాళ్ళకొక కట్టుబాటు ఉంది. అందరికన్నా వెనకున్న పిల్ల గంట కొడుతూనే ఉండాలి. అది ఆగిందంటే ముందున్న వాళ్ళంతా వెనక్కి తిరగాలి. మనమ్మాయి అందరిలోకీ పెద్దది కాబట్టి వెనక ఉండేది అదే. ఆ గోలకి కొంగలు కూడా గట్టు ఖాళీ చేశాయని టీచరమ్మ నవ్వుతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. "మన మెకానిక్ నాకు తమ్ముడిలాంటివాడు, రోజూ అటే పోతాడు. వాడి బండి మీద పంపడానికి నీకేం బాధ? వాడు మన మనిషే కదా" అని మళ్ళీ రాశారు. కిందటి ఉత్తరంలో ఈ మాట దాటేశాను. ఇక దాటేయలేను.

పోయిన నెల కాలువ మలుపులో గంట ఆగిపోయింది. ఒక బండి వచ్చి మనమ్మాయి సైకిలుకి అడ్డం నిలిచింది. దాని మీదున్నవాడు గంటను చేత్తో మూసేసి, "మీ నాన్న నిన్ను నాకే అప్పజెప్పాడు, దిగి బండెక్కు" అన్నాడు.

"నేనెక్కను బాబాయ్" అంది మన పిల్ల.

మణికట్టు పట్టుకుని లాగాడు. ఈలోగా పిల్లలంతా వెనక్కి తిరిగి, గంటలు మోగిస్తూ మీదికొచ్చేశారు. చెయ్యి వదిలేసి పోయాడు. అవునండీ, ఆ మెకానిక్కే.

ఆ సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి అంతా చెప్పింది. మర్నాడు అతని షెడ్డు ముందు నిలబడి నలుగురూ వినేలా కడిగేశాను. ఇప్పుడు తల్లులం వంతులు వేసుకుని ఆ మలుపులో కాపలా ఉంటున్నాం. మీకెందుకు చెప్పలేదంటే, బడి మాన్పించమంటారని భయం. మీ కోపం ఎవరి మీద వచ్చినా ముందు ఇంట్లో పిల్ల మీదే పడుతుంది.

నాకు చదవడం, రాయడం రావు కదా, ఇన్నాళ్ళూ టీచరమ్మ చేత రాయించేదాన్ని. ఈసారి అమ్మాయే రాస్తానంది. నేను చెబుతుంటే ఎక్కడా ఆగలేదు, ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. మీ జవాబు నాకు చదివి వినిపించేది కూడా అదే. ఆలోచించి రాయండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
మీ ఇంటావిడ