ఏడు గంటల ప్లగ్గు

మా ఇంజనీరమ్మకి,

మీ నాన్న రెండు చేతులూ ఎత్తి దీవించి, దించిన చేత్తోనే పెన్ను పట్టుకుని రాస్తున్న ఉత్తరం. నేను క్షేమం. నువ్వూ క్షేమమే అయ్యుంటావు, లేకపోతే కారు గురించి ఎందుకు రాస్తావు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి కింద సెలూను ఆయనకి చదివి వినిపించాను. సగం గడ్డం గీయించుకున్న ఒకాయన, లేచి పోలేక, ఆయనా విన్నాడు. "నాన్నా, హైబ్రిడ్ కారు కొందామనుకుంటున్నాను. తెల్లదొకటి, నీలందొకటి నచ్చాయి. ఏది తీసుకోమంటావో నువ్వే చూసి చెప్పు" అని రాశావు. ఆ 'నువ్వే' దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ రెండుసార్లు చదివాను. సెలూను ఆయన మంచినీళ్ళిచ్చాడు.

మీ అమ్మ పోయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో నన్ను 'ఇదా, అదా' అని అడిగినవాడు ఒక్క కూరగాయల బండివాడే. అలాంటిది ఆసుపత్రుల్లో ఎక్స్-రే మిషన్లకే వైద్యం చేసే పిల్ల నన్ను కారు చూసిపెట్టమంది. ముప్పై నాలుగేళ్ళు బస్సులో కండక్టరుగా తిరిగానే గానీ స్టీరింగు ముట్టుకోలేదని తెలిసి కూడా అడిగింది. ఇంక నాకేం కావాలి తల్లీ.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వంతెన పక్కన తెల్ల కారు షోరూముకి పోయాను. బట్టతల సేల్స్‌మేను చాలా మర్యాదస్తుడు. పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటారు ఒకటి ఉంటాయని చెప్పాడు. రెండెడ్లు కట్టిన బండన్నమాట. ఒకటి అలిసిపోతే రెండోది లాగుతుంది. "ముందు కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. "ముందు డ్రైవరు కూర్చుంటాడు నాయనా, నా చోటు వెనక తలుపు దగ్గర" అని వెనకే కూర్చున్నాను.

మూడో సిగ్నలు దగ్గర ఘోరం జరిగింది. విజిలు ఊది ఊది నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయని నీకు తెలుసుగా. ఇంజను బతికుందో లేదో అరికాళ్ళతోనే చూసుకునేవాణ్ణి. బండి ఆగగానే అరికాళ్ళ కింద వణుకు పోయింది. చచ్చింది. బండి చస్తే మొదట దిగాల్సింది కండక్టరు. దిగాను. వెనక స్కూటరు మీదున్న ఇద్దరినీ, సైకిలు మీద పోతున్న పాలాయన్నీ పిలిచి "పట్టండి బాబూ, తలో చెయ్యీ వెయ్యండి" అన్నాను. నలుగురం తోశాం. లోపల సేల్స్‌మేను బ్రేకు తొక్కిపెట్టి "వద్దండీ, వద్దండీ" అని అరుస్తున్నాడట. నాకు వినపడితేగా.

కాబట్టి తెల్లది వద్దు. షోరూము దాటి మూడు సిగ్నళ్ళు బతకని బండి నీకెందుకు. రేపు నీలందాన్ని చూస్తాను.

ఇట్లు,
నీ పని మీద తిరుగుతున్న
మీ నాన్న

తా.క.: తర్వాత బండి కదిలింది. మనం తోయబట్టే కదిలిందని పాలాయన అంటున్నాడు.

*

నాన్నకి,

నీ ఉత్తరం ఆసుపత్రి క్యాంటీనులో చదివి పగలబడి నవ్వితే, పక్కనున్న నర్సు నన్ను ఏ వార్డులో చేర్పించాలా అన్నట్టు చూసింది.

నాన్నా, ఆ బండి చావలేదు. హైబ్రిడ్ అంటేనే అంత. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను దానంతటదే ఊరుకుంటుంది, పెట్రోలు వృథా కాకుండా. అప్పుడు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పక్కసీట్లో టూల్‌బాక్సు మూత టిక్కుమన్నా వినిపిస్తుంది. రోజూ ఆ రెండు నిమిషాలూ ఎవరైనా ఏదైనా మాట్లాడితే బాగుండుననిపిస్తుంది. అంటే, కొన్నవాళ్ళు అలా చెప్పారు.

నీలందీ అంతే, ఆగినప్పుడు ఊరుకుంటుంది. దయచేసి దాన్ని తోయకు. తొందరేం లేదు, నెమ్మదిగా చూసి రాయి.

ఉంటాను,
అమ్మాయి

తా.క.: ఆ సేల్స్‌మేనుకి నా తరఫున క్షమాపణ చెప్పు. పాలాయనకి థాంక్స్ చెప్పు.

*

నవ్విన ఇంజనీరమ్మకి,

నువ్వు నవ్వావని చదివి నేను ఆ పూటంతా ఇంట్లో ఒక్కణ్ణే నవ్వుకుంటూ తిరిగాను. అద్దంలో చూసుకుంటే పళ్ళు బాగానే మిగిలాయి.

బట్టతలాయనకి క్షమాపణ చెప్పాను. "మీరు తోసిన వార్త మా పై ఆఫీసుకి కూడా వెళ్ళింది పెద్దాయనా, అందరూ మిమ్మల్ని అడుగుతున్నారు" అన్నాడు. నన్ను అడిగేవాళ్ళు అంతమంది ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంది.

నీలం బండి చూశాను. దాన్ని చూపించే ఆవిడకి కళ్ళద్దాలు, ఓపిక రెండూ ఎక్కువే. ఈసారి సిగ్నల్ దగ్గర బుద్ధిగా కూర్చున్నాను, దిగలేదు. కానీ ముప్పై నాలుగేళ్ళ చెయ్యి ఊరుకుంటుందా. ఇద్దరు మనుషులు రోడ్డు దాటేశారు, ఎక్కేవాళ్ళెవరూ లేరు. తలుపు మీద రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్" అన్నాను. పాపం ఆవిడ, ఎర్ర లైటున్నా కదిలించేసింది. పోలీసాయన ఆపి, నన్ను చూసి "మీరా" అన్నాడు. చదువుకునే రోజుల్లో నా బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడే. వదిలేశాడు.

ఇక అసలు సంగతి. ఈ నీలందానికి బ్యాటరీ పెద్దది. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టాలి. మామూలు ఇంటి ప్లగ్గుతో అయితే నిండటానికి ఏడు గంటలు పడుతుందట. ఆవిడ దాన్ని లోపంలాగా గొంతు తగ్గించి చెప్పింది. నేను మాత్రం "మళ్ళీ చెప్పమ్మా" అన్నాను. ఏడు గంటలు.

పోయినసారి నువ్వు పదింటి బస్సుకొచ్చి నాలుగింటి బస్సుకి వెళ్ళావు. ఆరు గంటలు. అందులో గంటన్నర నా ఫ్యాను కింద స్టూలెక్కి నించున్నావు. నిన్నేం అనడం లేదు, ఫ్యాను బాగా తిరుగుతోంది. ఈ బండయితే పదింటికొచ్చి ప్లగ్గు పెడితే అయిదింటిదాకా కదలదు. అయిదింటికి చీకటి పడబోతుంది, ఇంక ఇప్పుడేం వెళ్తావు, పడుకుని పొద్దున్నే వెళ్ళు అంటాను. అంతా ఆలోచించాను.

నీలందే కొను. కరెంటాయనతో మాట్లాడాను, మన రెండో అంతస్తు కిటికీ నుంచి వీధిలోకి వైరు వేస్తానన్నాడు.

ఇట్లు,
నిర్ణయం తీసుకున్న
మీ నాన్న

తా.క.: ఛార్జింగు లేకపోయినా అది పెట్రోలు మీద నడిచిపోతుందని కళ్ళద్దాలావిడ చెప్పింది. ఆ మాట మా అమ్మాయికి మాత్రం చెప్పొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను.

*

నాన్నకి,

వైరు వద్దు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాస్తున్నాను. వర్షం వస్తే, కింద పిల్లలు ముట్టుకుంటే, నీకేమన్నా అయితే? కరెంటాయన్ని ఆపు.

నాకు తెల్లదే సరిపోతుంది నాన్నా. నేను వారానికి ఆరూళ్ళు తిరుగుతాను. ఏ ఆసుపత్రి బయటా ప్లగ్గుండదు. తెల్లది బ్రేకు వేసినప్పుడల్లా తన బ్యాటరీ తనే నింపుకుంటుంది. ఎవరి మీదా ఆధారపడదు. దాని సీటు కూడా నడుముకి హాయిగా ఉంటుంది, ఘాటు రోడ్డు మీద కూడా మొండికెయ్యదు.

నేను వస్తే ఉండటానికి బండి ఛార్జింగు అయిపోవాలా, నువ్వు ఉండమంటే చాలదా? నువ్వు ఎప్పుడూ ఉండమనలేదు. "నాలుగింటి బస్సుకి సీటు దొరుకుతుంది, త్వరగా బయల్దేరు" అన్నావు.

ఉంటాను,
అమ్మాయి

తా.క.: నువ్విచ్చిన నంబరు చూసి కళ్ళద్దాలావిడ నాకు ఫోన్ చేసింది. "మీ నాన్నగారు ఈ వారం మూడుసార్లు వచ్చారు, మాకేం ఇబ్బంది లేదు, కానీ వెనక సీట్లో మిగతా కస్టమర్ల దగ్గర టికెట్లు అడుగుతున్నారు" అంది. నిజమా?

*

కోప్పడిన ఇంజనీరమ్మకి,

టికెట్లు అడగలేదు. "ఎక్కడిదాకా" అని అడిగాను. అది పలకరింపు.

వైరు నీ ఉత్తరం రాకముందే దిగింది. సెలూను ఆయన గొడవకొచ్చాడు.

"ఏంటి పెద్దాయనా ఇది, నా బోర్డు మీద పాములాగా?"

"మా అమ్మాయి కారుకి."

"ఏదీ కారు?"

"కొంటుంది."

"ఎప్పుడొస్తుంది?"

నేను వైరుని గోడకి ఆనించి సర్దసాగాను. ఆయన నా మొహం చూసి, బోర్డు తనే జానెడు పక్కకి జరుపుకున్నాడు. అప్పటి నుంచి గడ్డానికొచ్చిన ప్రతివాడికీ ఆ వైరు చూపించి, మా పెద్దాయన కూతురి కారు కోసం అని చెబుతున్నాడు. వీధంతా తెలిసిపోయింది. పాలాయన అయితే అవసరమైతే తోస్తానని ముందే మాటిచ్చాడు.

తెల్లది వద్దంటే వద్దు. తన బ్యాటరీ తనే నింపుకుంటుంది, ఎవరి మీదా ఆధారపడదు అని గొప్పగా రాశావు. ఆరేళ్ళుగా నేనూ అదే చేస్తున్నాను. వండుకునేదీ నేనే, బాగుందనేదీ నేనే. అందులో గొప్పేం లేదమ్మా. సాయంత్రానికి ఎవరో ఒకరు తీగ తగిలించాల్సిన బండే మంచిది.

నాలుగింటి బస్సు మాట నిజమే. సీటు లేకుండా నువ్వు నించుని వెళ్తావని అన్నాను. ముప్పై నాలుగేళ్ళు అందరినీ సర్దుకోమని, జరగమని, దిగమని చెప్పిన నోరిది. ఉండమనడం దానికి రాదు.

ఇట్లు,
ఓడిపోని
మీ నాన్న

తా.క.: వైరు చివర ప్లగ్గుకి ప్లాస్టిక్ డబ్బా మూత తొడిగాను, వానకి తడవదు. భయపడకు.

*

నాన్నకి,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను.

నేను కారు కొనేశాను. నీకు మొదటి ఉత్తరం రాయడానికి రెండు నెలల ముందే కొన్నాను. తెల్లదే.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. బాగున్నావా, బాగున్నా, తిన్నావా, తిన్నా. నాలుగు ముక్కలు, దిగిపోవడమే. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇంజను ఊరుకున్నప్పుడు, నీకు పెద్ద జవాబు రాయాల్సిన ప్రశ్న ఏదైనా వేస్తే బాగుండుననిపించింది. చేతిలో ఉన్నది కారే కాబట్టి అదే అడిగాను. నువ్వు అరపేజీ రాస్తావనుకున్నాను. నాలుగు పేజీలు రాశావు, రోడ్డు మధ్యలో దిగి తోశావు. ఇంక నిజం చెప్పడానికి నాకు చెయ్యాడలేదు.

నీ ఉత్తరాలు స్టీరింగు పక్క అరలో ఉన్నాయి. ఎర్ర లైటు పడితే ఒక పేజీ చదువుతాను. పచ్చ లైటు పడ్డాక వెనకవాళ్ళు హారన్లు కొడతారు.

నా కోసం వైరు వేయించావు. ఆ సంగతి తలుచుకుంటే తలెత్తుకోలేకపోతున్నాను. తీయించెయ్యి నాన్నా. శనివారం పదింటికి వస్తున్నాను. ఆదివారం పొద్దున్నే ఒక ఆసుపత్రిలో పనుంది, అందుకని శనివారమే సాయంత్రం నాలుగింటికల్లా బయల్దేరాలి. నీకెంత కోపం ఉన్నా ఆ ఆరు గంటల్లో తిట్టు.

ఉంటాను,
అబద్ధాల అమ్మాయి

*

తెల్ల కారు ఇంజనీరమ్మకి,

మీ నాన్న మనసారా దీవించి, కాస్త నవ్వి రాస్తున్నది.

నాకు తెలుసు.

టికెట్ లేనివాణ్ణి ఎలా పడతానని చిన్నప్పుడు నన్ను అడిగేదానివి గుర్తుందా. టికెట్ లేనివాడు నేను దగ్గరికి రాగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు. నీ మొదటి జవాబు అలా చూసింది. సిగ్నల్ దగ్గర నిశ్శబ్దం గురించి రాసి, కొన్నవాళ్ళు చెప్పారన్నావు. కొన్నవాళ్ళందరి పక్కసీట్లోనూ టూల్‌బాక్సు ఉంటుందా తల్లీ? షోరూము మనిషి పక్కన కూర్చుని ఊదరగొడుతుంటే ఆ నిశ్శబ్దం ఎవరికి తెలుస్తుంది? ఒక్కళ్ళే తిరిగేవాళ్ళకి తెలుస్తుంది.

కొన్నావని తెలిసింది గానీ ఏది కొన్నావో తెలియలేదు. నీలందేమో అన్న ఆశతో వైరుకి చెప్పాను. తర్వాత నువ్వు తెల్లదాని సీటు నడుముకి హాయి అని రాశావు. పది నిమిషాలు కూర్చుంటే నడుము సంగతి తెలియదు. అయినా నేను తెల్లది వద్దని దెబ్బలాడాను, ఎందుకంటావా. దెబ్బలాడటానికి మనిషి దొరికి ఆరేళ్ళయింది. తెల్లదానికి సరేననేస్తే నీ ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే మూడుసార్లు షోరూముకి పోయి, బేరం మాత్రం తేల్చకుండా వచ్చాను. ఆ ఇద్దరికీ నిజం చెప్పి క్షమించమన్నాను. బట్టతలాయన "మీరు ఎప్పుడైనా రండి, ఎవరినీ తోయనంటే చాలు" అన్నాడు.

కాబట్టి నువ్వు తలదించుకోకు. ఇద్దరం టికెట్ లేకుండానే ఇంతదూరం వచ్చాం.

శనివారం రా. మన సందు కొలిచాను, నీ కారు అద్దాలు మడిస్తే పడుతుంది. సెలూను ఆయన ఆ రోజు బోర్డు లోపల పెట్టుకుంటానన్నాడు. నాలుగింటికి బయల్దేరాలన్నావు, సరే. సీటు గురించి ఈసారి నేనేం అనను.

ఇట్లు,
పదింటికి కిటికీలో ఉండే
మీ నాన్న

తా.క.: వైరు తీయించలేదు. నీ కారుకి అక్కర్లేదని తెలుసు. వచ్చాక నీ ఫోను దానికి పెట్టు. కరెంటాయన్ని బతిమాలి ఒక పాత ఛార్జరు సంపాదించాను, చాలా నీరసంగా ఎక్కిస్తుంది. నిండటానికి ఏడు గంటలు పడుతుంది.