అప్పలసూరి వయసు

భిలాయి, సెక్టర్ 4,
14-2-1994, సోమవారం.

చిరంజీవి అపర్ణకు మామ్మ ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మా నాన్నా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. విశాఖలో హాస్టల్ తిండితో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. చేతిరాత వంకరగా ఉందేమిటని అనుకోకు. గేటు వైపు చూస్తూ రాస్తున్నాను. నిన్నటి నుంచి భయం.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మేము దుర్గ్ స్టేషన్లో దిగింది 1958 జూన్ 29, ఆదివారం. డైరీ చూసే రాస్తున్నాను. ఆ రోజు వాన లేదు. నువ్వు కథలో కురిపించావు, కురవనీ. మాకిచ్చిన ఇంటికి అప్పటికింకా తలుపులు బిగించలేదు. మీ తాతగారు గుమ్మానికి దుప్పటి కట్టారు. చరిత్ర మీద కథ రాసేటప్పుడు ఎంతవరకు కల్పించవచ్చని అడిగావు. తేదీ మార్చకు, మనసులో మాట కల్పించుకో అని మొన్నటిదాకా చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనే ధైర్యం లేదు.

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది సంచికకి ఇచ్చేముందు నీ కథ అందరికీ చదివి వినిపించమన్నావు. శనివారం సాయంత్రం వరండాలో చదివాను. ముందుగా ఒకసారి చూసుకోకపోవడం నా తప్పు. మాతో ఒకే రైల్లో వచ్చి, ఇప్పటికీ స్టీలు ప్లాంటులో పనిచేస్తున్న మన అప్పలసూరి కూడా వచ్చి కూర్చున్నాడు. చింతపండు మూటతో రైలు దిగిన కుర్రాడి దగ్గరికి రాగానే పక్క క్వార్టరు గున్నమ్మ పకపకా నవ్వింది.

"ఏటి సూరీ, బిలాయిలో సింతపండు దొరకదని మూట మోసుకొచ్చినోడివి నువ్వే గదేటి!"

అప్పలసూరి కూడా నవ్వాడు. అదే ఊపులో తరవాతి పేరా చదివేశాను. చదువుకున్న ఇల్లాలు ఒకావిడ ఆ కుర్రాడి ఉద్యోగం ఫారం నింపుతూ వయసు నాలుగేళ్లు తగ్గించి రాస్తుంది. గున్నమ్మ మనవరాలు హేమమాలిని ఊరుకుంటుందా?

"అరే అంకుల్, అయితే మీరు రిటైర్ అయిపోవాలి కదా!"

అందరూ మళ్ళీ నవ్వారు. అతను మాత్రం టీ గ్లాసు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

నిన్న పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, ముప్పై అయిదేళ్లు కడుపులో దాసినావు. ఇప్పుడు పిల్లకెందుకు సెప్పినావు?"

"నేను చెప్పలేదు సూరీ. అది కల్పించుకుంది."

"రైలు నిజం, మూట నిజం, తలుపుల్లేని ఇల్లు నిజం. ఇదొక్కటే కల్పనంటే ఎవుడు నమ్ముతాడు? ఆ సంచిక మా ఆఫీసులో బల్లబల్లకీ ఎల్తాది. కాయితం లెక్కకి నాకింకా మూడేళ్ల సర్వీసుంది. మా కుర్రోడు ఉదయ్ పాలిటెక్నిక్ రెండో ఏడు."

అపర్ణా, "ఫారం సంగతి నా ఊహ, నమ్మేలా ఉందా మామ్మా?" అని అడిగావు. మీ తాతగారికి కూడా చెప్పని మాట చెబుతున్నాను. అది జరిగింది. వయసు ఎక్కువైతే తీసుకోరని ఎవరో అంటే ఏడుస్తూ వచ్చాడు. పుట్టిన సంవత్సరం 1935ని 1939 చేసింది నేనే. సెలవుల్లో నువ్వు చదివిన ఆ డైరీలో మాత్రం "సూరి ఫారం నింపాను" అని ఒక్క ముక్క రాసుకున్నాను. నీ ఊహకి ఆ ముక్క చాలింది.

అతని ఉద్యోగం పోతుందేమో. నన్నూ కోర్టుకి లాగుతారేమో. గేటు చప్పుడైతే ఈ కాగితం దాచేస్తున్నాను. ఆ ఘట్టం తీసేయమందామనుకున్నాను. తీసేస్తే, నిజం కాబట్టే తీసేశారని విన్నవాళ్లంతా అంటారు. దాన్ని ఉంచే, ఎవరూ నమ్మకుండా చెయ్యాలి.

ఆ రోజుల్లో మా క్వార్టర్ల వరసలో ఫారం నింపగలిగిన తెలుగు ఆడది నేనొక్కదాన్నే. అది అందరికీ తెలుసు. అందుకని ఆ ఇల్లాలికి చదువు రాదని రాయి. ఫారం తలకిందులుగా పట్టుకోనీ. ఎవడో తాగుబోతు రాతగాడి చేత నాలుగేళ్లు కాదు, పన్నెండేళ్లు తగ్గించి రాయించు. కాగితం మీద పదకొండేళ్ల పిల్లాడు ఉద్యోగంలో చేరాడంటే జనం నవ్వి వదిలేస్తారు. సాక్షిగా ఆ ఇల్లాలి చేత వేలిముద్ర వేయించు. స్కూల్ ఫైనల్ ఫస్టు క్లాసులో ప్యాసయ్యానని మొహమాటపడకు. రేపు గున్నమ్మ నన్ను వేలిముద్ర చిన్నమ్మలూ అని పిలుస్తుంది. పిలవనీ, పలుకుతాను.

నెలాఖరుకి అచ్చుకి వెళుతుంది. వెంటనే మార్చి పంపు. ఈ ఉత్తరం చింపెయ్యి.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
మీ మామ్మ
చిన్నమ్మలు