చినుకు పడని శనివారం

నందిగామ,
8-8-2006

మా నాన్న ఏలీయాకి,

నీ జయమణి రాస్తున్నాను. ఇది నీకు బ్రహ్మయ్య బాబాయి చదివి వినిపిస్తాడని తెలిసే రాస్తున్నా. నా తప్పు ఆయనకీ తెలియాల్సిందే. జగ్గయ్యపేటకి బస్సెక్కితే గంట పట్టదు, కానీ నీ ఎదుట నిలబడి ఈ మాట చెప్పలేను.

మన క్షయ ఆసుపత్రికి నేను చేసిన ప్రోగ్రాం సంగతి నీకు తెలుసు. జగ్గయ్యపేట కేంద్రంలోని కంప్యూటర్‌లో కొత్తది ఎక్కించాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది మన దగ్గర లేదు. అందుకే ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా, ప్రోగ్రామూ రోగుల పేర్లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. గుచ్చితే చాలు, నడుస్తుంది. "ఇక పుస్తకంలో రాయక్కర్లేదండి" అని డాక్టర్ కుటుంబరావు గారితో గొప్పగా చెప్పిందీ నేనే.

ప్రతి వారం లాగే మొన్న శనివారం కూడా, పేట కేంద్రంలో గేటు పని చూసుకుని నువ్వే ఇక్కడికి డ్రైవ్ తెచ్చావు. ప్రోగ్రాంలో చిన్న తప్పు దిద్ది, అంతకుముందు వారం దాకా పేర్లే ఉన్న నా ఫోల్డర్‌ని దాని మీదకి కాపీ చేశాను. డ్రైవ్‌లో ఉన్నవి తీసేసి ఇవి పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాను. ఆ వారం పేటలో చేరిన పదకొండు మంది పేర్లు పోయాయి. పదిహేను రోజుల మాత్రలు పట్టుకెళ్ళినవాళ్ళు. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే, ఎవరింటికి వెళ్ళి అడగాలో మనకి తెలియదు.

డాక్టరు గారు అడిగినప్పుడు నేను నోరు తెరవకముందే, "జేబులో వానకి తడిసిందండి, తప్పు నాదే" అన్నావు. ఆ రోజు చినుకు కూడా పడలేదు నాన్నా. "ఈ నెలాఖరుకి మానెయ్ ఏలీయా" అని ఆయనంటుంటే, నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

రేపు పొద్దున నిజం చెప్పేసి పని మానేస్తాను.

నీ కూతురు,
జయమణి

నందిగామ,
16-8-2006

నాన్నా,

బాబాయి కొట్టు నుంచి ఫోన్ చేసి నువ్వన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "ఆ రోజే నీ మొహం చూసి తెలుసుకున్నానమ్మాయ్. గేటు పని నాకు ఇంకోచోట దొరుకుద్ది. ఆ కుర్చీ నీకు మళ్ళీ దొరుకుద్దా?"

అప్పటికే డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఆ పేర్లు తిరిగొచ్చేదాకా ఇద్దరూ మానడానికి వీల్లేదు" అన్నారు.

సైకిలు పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ మీది ఏ ఊరని, ఎవరి తాలూకని అడుగుతావని నిన్ను ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ జ్ఞాపకంతోనే ఊరూరా తిరిగి పదిమందిని కేంద్రానికి పంపావు. పదకొండో ఆవిడ కోసం వత్సవాయి దాటి పత్తి చేలోకి వెళ్ళావటగా. ఆవిడ అప్పటికే మాత్రలు మానేసిందని, సైకిలు మీద ఎక్కించుకొచ్చావని పేట కేంద్రంలో నర్సు చెప్పింది.

ఇప్పుడు పేర్లు వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. ప్రోగ్రాం మార్చినా వాటి జోలికి పోదు. పుస్తకమూ మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పదకొండు పేర్లు నా చేత్తో రాసి, పక్కన నువ్వు చెప్పిన గుర్తులు కూడా రాశాను. రేకుల చావిడి వెనక ఇల్లు. నల్ల కుక్క ఉన్న ఇల్లు.

ఇక మీదట కూడా శనివారం డ్రైవ్ నువ్వే తేవాలట. "వానొస్తే గొడుగు తెచ్చుకోమను మీ నాన్నని" అన్నారు డాక్టరు గారు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నీ
జయమణి